పరదా పట్టా వాసన

మొన్న శనివారం మా ట్రైలర్ అమ్మేశాం.

ట్రైలర్ అంటే బస్సంత ఉండే రకం కాదు. మడిచిపెట్టే రకం, ఇక్కడ అమెరికాలో పాపప్ అంటారు. రోడ్డు మీద పోయేటప్పుడు నడుమెత్తు పెట్టెలా వెనకాలే వస్తుంది. దిగాక ఓ మూల ఉన్న హ్యాండిల్ తిప్పితే పైకప్పు లేస్తుంది, ముందూ వెనకా రెండు మంచాలు సొరుగుల్లా బయటికొస్తాయి, చుట్టూ గుడ్డ గోడలు నిలబడతాయి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎవరో వాడినది చవగ్గా వస్తే కొన్నాం. ఆ పిల్లలిప్పుడు కాలేజీల్లో ఉన్నారు. అది మాత్రం ఇంటి పక్కన కవరు కప్పుకుని నాలుగేళ్ళుగా కదలకుండా కూర్చుంది.

కొనడానికి ఓక్లహోమా నుంచి ఒక జంట వచ్చారు. తెరిచి చూపించమన్నారు. హ్యాండిల్ నాలుగు చుట్లు తిప్పానో లేదో, లేస్తున్న కప్పు సందులోంచి గుప్పున వాసన కొట్టింది. ఎండకి కాగి, వానకి తడిసి, పూర్తిగా ఆరకుండానే మడతపడ్డ మందపాటి గుడ్డ వాసన. దాంట్లో కాస్త కట్టెల పొగ. అడుగున ఎక్కడో ఇంగువ. ఆవిడ భర్త వైపు తిరిగి ఏదో అడిగింది. నేను వినిపించుకోలేదు. అప్పటికే నా కళ్ళ ముందు మా ఊరి పరదా పట్టా పరుచుకుంది. దాని కొస పట్టుకుని నాన్న.

*

మాది నరసరావుపేట పక్కన పల్లెటూరు. సాగర్ కుడి కాలువ కింద పొలాలు. 1967లో కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళు మా ఊరి దాకా వచ్చిన రోజు గట్టు మీద నిలబడి చూశానని నాన్న చాలాసార్లు చెప్పేవాడు. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవాడు.

నేను మూడో తరగతిలో ఉండగా పాత ఫెర్గూసన్ ట్రాక్టరు ఒకటి కొన్నాడు. మా వైపు దాని వెనక తగిలించేదాన్ని ట్రక్కు అంటారు. ఆ ట్రక్కు మీద పోనిదంటూ లేదు. ఇసక, వరిగడ్డి, పెళ్ళివారు, ఒకసారి పురిటి నొప్పులొచ్చిన మా పిన్ని. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళకి ఊరి ఆడవాళ్ళంతా అందులోనే. కానీ నాకు గుర్తున్నవి మిరపకాయల రాత్రులు.

కాయలు ఎండాక టిక్కీలనే గోనె సంచుల్లో తొక్కి, ట్రక్కు నిండా పేర్చి, పైన పరదా పట్టా కప్పి, తాళ్ళు బిగించి, రాత్రి అన్నాలు తిన్నాక గుంటూరు మిర్చి యార్డుకి బయల్దేరేవాడు. సెలవులైతే నన్నూ ఎక్కించుకునేవాడు. టిక్కీల మీద పట్టా, పట్టా మీద నేను. ఫిరంగిపురం దాటేసరికి ఒళ్ళంతా ఘాటు పట్టేది. ముక్కుకి తువ్వాలు కట్టుకున్నా తుమ్ములు ఆగేవి కావు. పేరేచర్ల దగ్గర టీ. అక్కణ్ణించి ఇంజను మోతకి నిద్ర పట్టేసేది.

యార్డు బయట ట్రాక్టర్ల బారు ఉండేది. ఆ బారులోనే తెల్లారాలి. ట్రక్కు కింద వరిగడ్డి పరిచి నన్ను పడుకోబెట్టేవాడు. తను మాత్రం మిగతా రైతులతో కూర్చుని బీడీ మీద బీడీ కాలుస్తూ రేటు గురించి మాట్లాడేవాడు. పొద్దున వేలంపాట. వ్యాపారి టిక్కీలో చెయ్యి దూర్చి గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి, తాలు ఎంతుందో చూసి, తేమ ఉందని పెదవి విరిచేవాడు. ఆ పెదవి విరుపుకి క్వింటాలుకి ఇంత అని ధర ఉండేది. నాన్న ఏమీ అనేవాడు కాదు. అదే నాకు అర్థమయ్యేది కాదు. ఇంట్లో అన్నంలో ఉప్పు తక్కువైతే ఇల్లెక్కి అరిచే మనిషి.

ఒక్క విషయంలో మాత్రం ఆ యార్డులో నాన్నకి తిరుగులేదు. ట్రక్కు వెనక్కి పెట్టడం. షెడ్ల మధ్య సందులు ఇరుకు, అటూ ఇటూ ట్రాక్టర్లు. నాన్న సీట్లో సగం పక్కకి తిరిగి, ఒక చెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి, ఒకే దెబ్బలో గోడకి జానెడు దూరంలో పెట్టేసేవాడు. వేరే ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి "మాది కూడా కాస్త పెట్టి పో అన్నా" అని బతిమాలేవాళ్ళు. అప్పుడు నేను ట్రక్కు కింద నుంచి లేచి వచ్చి, అందరికీ కనపడేలా నిలబడేవాణ్ణి.

*

అమ్మానాన్నలు మా దగ్గరికి ఆరు నెలలకని వచ్చింది ఒక్కసారే. మేం అప్పుడు కూడా టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గరే ఉన్నాం. మొదటి నెలంతా నాన్న కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయే కార్లు లెక్కపెట్టాడు. రెండో నెలలో మా పచ్చిక కోసే యంత్రం విప్పి మళ్ళీ బిగించాడు. దానికేం రోగం లేదు. ఇక లాభం లేదనుకుని ఇంక్స్ లేక్ స్టేట్ పార్కులో రెండు రాత్రులకి చోటు బుక్ చేశాను. వసంతంలో అక్కడ శుక్ర, శనివారాలు దొరకడం కష్టం. ఐదు నెలల ముందు బుకింగు తెరిచిన రోజే జనం పట్టేస్తారు. ఎవరో రద్దు చేసుకుంటే మాకు తగిలింది.

బయల్దేరేటప్పుడు వ్యాను వెనక బంతికి ట్రైలర్ కొక్కెం తగిలిస్తుంటే నాన్న పంచె ఎగ్గట్టి వంగి చూశాడు. గొలుసులు రెండూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేశానా లేదా అని లాగి చూశాడు. "కొక్కెం ఊడితే ఈ గొలుసుల మీద పడుద్ది, నేలకి తగలదు" అన్నాడు. ఆ సంగతి నేను వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆయనకెలా తెలుసని అడగడం కూడా అనవసరం.

అమ్మ చింతపండు పులిహోర, పెరుగన్నం, ఓ డబ్బా అరిసెలు సర్దింది. గంటన్నర ప్రయాణానికి. 29వ నంబరు రోడ్డు మీద లిబర్టీ హిల్, బెర్‌ట్రమ్, బర్నెట్. నిదానంగా పోతున్నాను. వెనక కార్ల వాళ్ళకి విసుగొచ్చి దాటిపోతుంటే నాన్నకి పౌరుషం వచ్చింది. "ఎద్దుల బండా ఇది? తొక్కు" అని రెండుసార్లు అన్నాడు.

రోడ్డు పక్కన ఒకచోట "ఆపాపు" అని కేకేశాడు. నాకు గుండె ఆగింది, ట్రైలర్ ఊడిందేమో అని. తీరా చూస్తే చెట్టు చూపిస్తున్నాడు. "సర్కారు తుమ్మ కాదూ?" అవును, మెస్కీట్. మా కాలువ గట్లని తినేసిన సర్కారు తుమ్మకి సొంత చుట్టం. ఇక్కడికి దక్షిణాన ఉన్న దేశాల నుంచి వెళ్ళిన జాతే అది. జీవితమంతా గొడ్డలి పట్టుకుని దాంతో యుద్ధం చేసిన మనిషి, పుట్టింటి వైపు దాని చుట్టాన్ని చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇదా నీ ఊరు" అన్నాడు చెట్టుతో.

*

పార్కుకి పోయే చివరి మైళ్ళ రోడ్డు పేరు పార్క్ రోడ్ 4. దాన్ని 1930ల్లో సీసీసీ, అంటే సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కుర్రాళ్ళు వేశారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పనిలేని కుర్రాళ్ళని చేర్చుకుని అడవుల్లో, పార్కుల్లో పనులు చేయించింది. తిండి, బట్ట, పడక ఇచ్చి నెలకి 30 డాలర్లు. అందులో 25 నేరుగా ఇంటికి పంపేసేవారు, కుర్రాడి చేతికి ఐదే. నాన్నకి ఇది చెప్పాను.

"ఉపాధి హామీ పని" అన్నాడు.

"అలాంటిదే."

"పాతిక ఇంటికి పోయేదా? వీళ్ళని అడక్కుండానే?"

"అవును."

"మంచి పద్ధతి" అని నా వైపు చూడకుండా కిటికీలోంచి చూశాడు. అమ్మ వెనక సీట్లోంచి నవ్వింది.

*

ఇక అసలు సంగతి. క్యాంపు గ్రౌండులో కొత్తగా వచ్చినవాడు ట్రైలర్ వెనక్కి పెడుతుంటే చుట్టుపక్కల వాళ్ళకి అది ఉచిత సినిమా. మడత కుర్చీలు మన వైపు తిప్పుకుని మరీ చూస్తారు. నేను నాలుగుసార్లు ప్రయత్నించాను. నాలుగుసార్లూ ట్రైలర్ అడ్డం తిరిగింది. ఒకసారి చెట్టుకి, ఒకసారి కరెంటు స్తంభానికి. మా ఆవిడ వెనక నిలబడి "కుడికి, కుడికి" అంటోంది. ఎవరి కుడికో మా ఇద్దరికీ తెలియదు. చెమటలు.

నాన్న వచ్చి కిటికీ మీద తట్టాడు. "దిగు."

"నాన్నా, ఇక్కడ నీకు లైసెన్సు లేదు."

"నేను తోల్తానన్నానా? దిగి చూడు ముందు."

దిగాను. కొక్కెం దగ్గర నుంచి ట్రైలర్ చక్రం దాకా అడుగులు వేసి కొలిచాడు. "ఇది పొట్టి ట్రక్కు. పొట్టిది మాట వినదు. పెద్దదైతే నిదానంగా తిరుగుద్ది, దిద్దుకునే టైముంటది. ఇది గబుక్కున అడ్డం పడుద్ది. నువ్వు బారెడు తిప్పుతున్నావు. ఇసుమంత తిప్పు, ఆపు. మళ్ళీ ఇసుమంత. చెయ్యి స్టీరింగు కింది అంచున పెట్టు. ట్రక్కు తోక ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. బుర్ర పాడుచేసుకోకు."

ఎక్కి కూర్చున్నాను. పక్క అద్దంలో నాన్న. మంకీ క్యాపు, స్వెట్టరు, పంచె. వేలెత్తి చిన్నగా ఊపుతున్నాడు, కంటి మీద ఈగని తోలినట్టు. ఆ వేలు ఆగితే నేను ఆగాను, కదిలితే కదిలాను. రెండు నిమిషాల్లో ట్రైలర్ పోయి దాని చోట్లో కూర్చుంది. పక్క సైటులో ముసలాయన ఒకాయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. నాన్న ఆయన వైపు చెయ్యెత్తి, యార్డులో లాగే, మొహంలో ఏమీ లేకుండా నడిచి వెళ్ళిపోయాడు. ఆ రోజు మాత్రం ఆ మొహం వెనక ఏముందో నాకు తెలిసింది.

*

సాయంత్రం నేను కట్టెల మోపు కొనుక్కొస్తే అమ్మానాన్నలు ఇద్దరూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. చుట్టూ అడవి. నేల మీద ఎండుకొమ్మలు. "ఏరుకోకూడదు నాన్నా, పురుగూ పుట్రా వాటి మీదే బతుకుతాయి, నేలకే వదిలెయ్యాలి, పార్కు రూలు" అన్నాను. "అడివిలో కట్టెలు కొనేవాళ్ళని మిమ్మల్నే చూశాం" అన్నాడు. మోపు విప్పితే అందులో సగం మెస్కీట్. ఇక ఆయన నవ్వు ఆగలేదు. సర్కారు తుమ్మకి డబ్బులిచ్చామని ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మరని, ఒక చెక్క తీసుకెళ్ళి చూపించాలని కాసేపు ఆలోచించాడు. మంట మాత్రం తనే పెట్టాడు. ఒక్క అగ్గిపుల్లతో.

రాత్రి ఒంటిగంటకి బయట చప్పుడు. చూస్తే బల్ల మీద ఒక రకూన్, కళ్ళకి గంతలు కట్టుకున్న దొంగలా, అరిసెల డబ్బా మూత తీస్తోంది. తీస్తోంది అంటే నిజంగానే రెండు చేతులతో తిప్పి తీస్తోంది. నేను ఫోను వెలుతురు కోసం వెతుక్కునేలోపు నాన్న బయటికి దూకి, చేలో అడవి పందుల్ని తోలే గొంతుతో "హుర్ర్... హోయ్... హోయ్!" అని అరిచాడు. రాత్రి పదింటి నుంచి నిశ్శబ్దం పాటించాలని గేటు దగ్గర కాయితం మీద రాసి ఇచ్చారు. చుట్టూ ఏడెనిమిది టార్చిలైట్లు వెలిగాయి. రకూన్ ఒక అరిసె నోట్లో, ఒకటి చేతిలో పట్టుకుని తీరిగ్గా పోయింది. పొద్దున నేను సైటు సైటుకీ పోయి క్షమాపణలు చెప్పుకొచ్చాను.

అమ్మకి మాత్రం ఆ ట్రైలర్ మంచం నచ్చలేదు. గాల్లో వేలాడుతోందని రెండు రాత్రులూ కింద జంపఖానా వేసుకుని పడుకుంది.

*

పొద్దున్నే నాన్నతో సరస్సు ఒడ్డున నడిచాను. అక్కడివి నైస్ అనే రకం గులాబీ రంగు రాళ్ళు. వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. కాలి కింద బియ్యం గింజల్లా మెరుస్తాయి. సరస్సు 1938లో కట్టిన ఆనకట్ట వల్ల వచ్చింది. టెక్సస్‌లోనే పారే కొలరాడో నది మీద వరుసగా ఉన్న ఆనకట్టల్లో అదొకటి. పైనున్న బ్యుకానన్ సరస్సు నుంచి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే కిందికి పోతాయి కాబట్టి మట్టం పెద్దగా మారదు. నాన్నకి అది నమ్మకం కుదరలేదు. ఎండాకాలం కూడా ఇంతే నీళ్ళా అని మూడుసార్లు అడిగాడు. ఏటా ఏప్రిల్లో సాగర్ మట్టం ఎన్నడుగులుందో పేపర్లో చూసి రాత్రి నిద్రపోని మనిషికి అదొక వింత.

గట్టు మీద బ్లూబోనెట్ పూలు నీలంగా పరుచుకుని ఉన్నాయి. మా ఆవిడ ఫొటోల కోసం వాటి ముందు పిల్లల్ని కూర్చోబెడుతుంటే, నాన్న వంగి ఆకు చూసి, లేత కాయ ఒకటి వేళ్ళతో నొక్కి చూసి, "ఇది జనుము చుట్టమే. పీకి వేరు చూస్తే బుడిపెలుంటాయి" అన్నాడు. పీకబోయాడు కూడా. చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంటికొచ్చాక చూస్తే నిజమే. పప్పుజాతి మొక్క, వేర్ల బుడిపెల్లో నత్రజని పట్టిపెట్టేది. పువ్వు వైపు ఆయన కన్నెత్తి చూడలేదు.

రాళ్ళ చివర పది పన్నెండు పెద్ద పక్షులు రెక్కలు చాపుకుని ఎండకి ఆరబెట్టుకుంటున్నాయి.

"గద్దలా?"

"రాబందులు."

నాన్న ఆగిపోయాడు. "మన ఊళ్ళో వీటిని చూసి ఎన్నాళ్ళయిందో. కోటప్పకొండ మీద కాకి వాలదంటారు గానీ, ఊరి చివర గొడ్డు చచ్చిపడితే వందొచ్చేవి. గంటలో బొక్కలు మిగిలేవి. ఏమైపోయాయి?"

నాకు తెలిసింది చెప్పాను. ఇవి వేరే జాతి, పోలికే గానీ మన వాటికి బంధువులు కావు. మన వైపు పశువులకి నొప్పులకని వేసిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల్లో ఉండిపోయి, తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. 2006లో పశువులకి ఆ మందు వాడకుండా నిషేధించారు, అప్పటికే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ సూది మన బర్రెకి కూడా చేయించాం. రెండుసార్లు" అన్నాడు. పక్షులు ఎగిరిపోయేదాకా అక్కడే రాయి మీద కూర్చున్నాడు.

*

రెండో రాత్రి వాన పడింది.

మొదట గుడ్డ మీద నాలుగు చినుకులు, టప టప. ఆ చప్పుడుకి నాకు మెలకువ వచ్చి కళ్ళు మూసుకునే వింటున్నాను. నా చిన్నప్పుడు ఒకసారి యార్డు బయట బారులో ఉండగా ఇలాగే అకాల వాన వచ్చింది. నాన్న ట్రక్కు ఎక్కి పట్టా కొసలు లాగి తాళ్ళు కడుతూనే ఉన్నాడు. పట్టా పాతది, టిక్కీలకే సరిగ్గా చాలలేదు. నేను ట్రక్కు కింద ముడుచుకుని, నీళ్ళు నా కిందికే పారుతుంటే ఏడ్చాను. "నాక్కూడా కప్పు" అన్నాను. "నువ్వు తడిస్తే ఆర్తావు రా, అవి ఆరవు" అన్నాడు. ఆ మాట మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. ఇంజనీరింగులో ఉన్నప్పుడు స్నేహితులకి చెప్పి మరీ కోపం తెచ్చుకునేవాణ్ణి.

ట్రైలర్‌లో మా చిన్నవాడు లేచి కూర్చుని చీకట్లో గుడ్డ గోడని వేలితో తడుముతున్నాడు. నాన్న గొంతు వినిపించింది. "చెయ్యి పెట్టబాకు. తడిసిన పట్టాకి లోపల్నించి చెయ్యి తగిలితే అక్కడే కారుద్ది." వాడికి సగం తెలుగు అర్థమైంది. చెయ్యి తీసేశాడు.

తర్వాత తలుపు జిప్పు తీసిన చప్పుడు. లేచి చూస్తే నాన్న వానలో, తల మీద తువ్వాలు వేసుకుని, ట్రైలర్ చుట్టూ తిరుగుతున్నాడు. గుడ్డ అంచులు ఒక్కొక్కటీ కిందికి లాగుతున్నాడు, కొక్కేలు పడ్డాయో లేదో చేత్తో తడిమి చూస్తున్నాడు.

"నాన్నా, లోపలికి రా. మిరపకాయలేం లేవు ఇందులో."

"తెలుసులేవో" అన్నాడు. ఇంకో మూల కూడా లాగి చూసే వచ్చాడు.

వచ్చాక ఇద్దరం కింద, అమ్మ జంపఖానా కొసన కూర్చున్నాం. అమ్మ గురక. వాన పెరిగింది. ఆయన తల తుడుచుకుంటూ పైన మంచంలో నిద్రపోతున్న పిల్లల్ని చూసి, "ఆ రోజుకి రెండో పట్టా ఉండాల్సిందిరా" అన్నాడు. "అప్పు తీరకపోయేసరికి ముందటి వారమే అమ్మేశా." అంతే. యార్డు పేరు ఎత్తలేదు. నేనూ ఏ రోజని అడగలేదు. కాసేపటికి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

పొద్దున గుడ్డ ఆరకముందే ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండుకల్లా సైటు వదలాలి. "తడిపట్టా మడిస్తే ముక్కిపోద్ది, ఇంటికి పోయి విప్పి ఆరబెట్టు" అని దారంతా చెప్పాడు. ఇంటికెళ్ళాక ఆఫీసు ఫోను వచ్చింది. ఆరబెట్టలేదు. వారం తర్వాత తెరిస్తే వాసన పట్టేసింది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

నాన్న పోయి మూడేళ్ళవుతోంది. మళ్ళీ ఇక్కడికి రాలేదు. వీసా ఉంది గానీ, ఆరు నెలలు ట్రాక్టరు వదిలి ఎవడుంటాడన్నాడు.

*

ఓక్లహోమా ఆయనకి ట్రైలర్ నచ్చింది. వాసన సంగతి నిజం చెప్పి కొంచెం తగ్గించాను. తడిగానే మడిచానని చెప్పాను, మిగతాది చెప్పలేదు. పికప్పుకి తగిలించుకుని, గొలుసులు అడ్డంగా వేసుకుని, వీధి మలుపు తిరిగి పోయారు.

లోపలికి వస్తే మా ఆవిడ వంటింట్లోంచి అడిగింది.

"సొరుగులో అత్తయ్య గారి ఇంగువ డబ్బా ఉండాలి, తీశారా?"

"లేదు."

"పోనీలెండి" అంది.